పల్నాడు పేరు పెట్టారు, పాచికల్లో పల్నాడేదీ?

బెంగళూరులో తెలుగు రోల్‌ప్లేయింగ్ ఆటలు రాస్తున్న, ఆడిస్తున్న బృందాలకు బహిరంగ లేఖ

మిత్రులారా,

మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా, ఇటు ఎలక్ట్రానిక్ సిటీలోనూ, ఆదివారం మధ్యాహ్నం ఎవరో ఒకరి ఇంట్లో పిల్లలనూ పెద్దలనూ బల్ల చుట్టూ కూర్చోబెట్టి తెలుగులో రోల్‌ప్లేయింగ్ ఆటలు ఆడిస్తున్నారు మీరు. ఒకరు గేమ్ మాస్టర్‌గా కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు, పని అవుతుందా లేదా అన్న సందేహం వచ్చిన చోట పాచికలు వేస్తారు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడం మాట్లాడే మన పిల్లలు మూడు గంటల సేపు తెలుగులోనే బేరమాడి, బతిమాలి, దబాయించి, మాటిచ్చి, మాట తప్పి గడిపే చోటు ఈ నగరంలో నాకు తెలిసినంతలో మరొకటి లేదు. మీ పని మీద నాకున్న గౌరవమే ఈ ఉత్తరం రాయిస్తోంది.

మీలో కొందరు రాసిన ముసాయిదాలు చదివాను. కొన్ని బల్లల దగ్గర కూర్చుని ఆడాను. ఇంగ్లీషు ఆటల్లోని ఎల్ఫ్ గంధర్వుడయ్యాడు. ఆర్క్ రాక్షసుడయ్యాడు. డ్రాగన్ స్థానంలో ఏడు పడగల నాగం వచ్చింది. పటాలు బాగున్నాయి, పేర్లు బాగున్నాయి, బొమ్మలైతే చాలా బాగున్నాయి. బల్ల మీద జరిగేది మాత్రం పాత పనే. బిలంలోకి దిగడం, ఎదురుపడినదాన్ని నరకడం, బంగారం మూటగట్టడం, స్థాయి పెంచుకోవడం. పల్నాటి కథ అని చెప్పి మొదలుపెట్టిన ఒక ఆటలో సగానికి పైగా సమయం, దెబ్బ తగిలినప్పుడల్లా తరిగే హిట్ పాయింట్ల తీసివేతలకే పోయింది. ఆ లెక్కలు చేయడానికి బ్రహ్మనాయుడు, నాగమ్మ అక్కరలేదు. ఎవరున్నా సరిపోతుంది.

నేను అడిగేది ఒక్కటే. పేర్లు చివర మార్చండి. ముందు నియమాలను పట్టుకోండి. ఈ ఆటలో ఆటగాడికి దేనికి ప్రతిఫలం దక్కుతోంది, దేనికి నష్టం వస్తోంది, ఎప్పుడు పాచిక వేయమంటున్నాం అన్న మూడు ప్రశ్నలకు వచ్చే జవాబే అసలు ఆట. తెలుగుదనం అక్కడికి చేరకపోతే ముఖచిత్రం దగ్గరే ఆగిపోతుంది.

ఈ మాట ఊరికే అనడం లేదు, ఈ ఆటల చరిత్రే సాక్ష్యం. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ప్రచురించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ బల్ల మీద ఆడే యుద్ధక్రీడల నుంచి పుట్టింది. అందులో పాత్రలకు అనుభవ పాయింట్లు ఎక్కువగా ధనం వల్లే వచ్చేవి. ఒక బంగారు నాణేనికి ఒక పాయింటు. శత్రువును చంపితే వచ్చేది దానిముందు తక్కువ. అలాంటప్పుడు తెలివైన ఆటగాడు కత్తి దూయడు, దొడ్డిదారి వెతుకుతాడు. తర్వాతి కూర్పుల్లో ధనానికి ఇచ్చే పాయింట్లు పక్కకు జరిగి, ఓడించిన శత్రువుకు ఇచ్చే పాయింట్లు ముందుకు వచ్చాయి. గుహ అదే, ఖడ్గం అదే, ఆడే తీరు మారిపోయింది. 1981లో శాండీ పీటర్సన్ కాల్ ఆఫ్ క్తుల్హు రాస్తూ పాత్రకు మనస్థిమితం అనే అంకె పెట్టాడు. చూడకూడనిది చూసినప్పుడల్లా అది తరిగిపోతుంది. ఆ ఒక్క అంకె వల్ల ఆటగాళ్లు తలుపు తెరవడానికి జంకడం నేర్చుకున్నారు. డ్రెడ్ అనే ఆటలో పాచికలే లేవు. జెంగా కట్టెల గోపురం నుంచి ఒక్కో కట్టె లాగాలి, గోపురం కూలితే ఆ పాత్ర కథ ముగిసినట్టే. భయం గురించి పుస్తకంలో ఎంత రాసినా రాని వణుకు అక్కడ వేళ్లలోకి వస్తుంది.

ఇప్పుడు పల్నాడు సంగతి చూడండి. 12వ శతాబ్దపు ఆ కథలో గొడవ ఎక్కడ మొదలైంది? కోడిపందెంలో ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచి పోవాలని ఒప్పందం. మాచర్లవాళ్లు ఓడారు, వెళ్లారు. గడువు తీరాక తిరిగి వచ్చి తమ భాగం అడిగారు. గురజాలవాళ్లు ఇవ్వలేదు. రాయబారానికి వెళ్లిన అలరాజు ప్రాణాలతో తిరిగి రాలేదు. కారెంపూడి యుద్ధం ఆ తర్వాత. ఒకరు మాట నిలబెట్టుకున్నారు, మరొకరు తప్పారు, దానికి నేల తడిసింది. ఇంత కథలో కత్తులు చివరి అంకంలో వస్తాయి. మనం రాసే ఆటలో కోడిపందెం ఉపోద్ఘాతంలో ఒక వాక్యమై, కత్తులు నలభై పుటలు ఆక్రమిస్తే అది పల్నాడు ఎలా అవుతుంది?

మాటకు నియమం ఉండాలి. ఈ పని ఇంతకుముందు చేసినవాళ్లున్నారు, వాళ్ల దగ్గర నేర్చుకుందాం. గ్రెగ్ స్టాఫోర్డ్ 1985లో రాసిన పెండ్రాగన్‌లో పాత్ర గుణాలు జంటలుగా ఉంటాయి. దయ ఒకవైపు, క్రౌర్యం మరొకవైపు. నిజాయితీ ఒకవైపు, వంచన మరొకవైపు. ఇలా 13 జంటలు, ప్రతి జంట మొత్తం 20. దయ 16 అయితే క్రౌర్యం 4. సంకటం వచ్చినప్పుడు ఆ వీరుడు ఏం చేస్తాడన్నది ఒక్కోసారి పాచిక తేలుస్తుంది. షాన్ టామ్‌కిన్ 2018లో విడుదల చేసిన ఐరన్‌స్వార్న్‌లో ప్రతిజ్ఞ చేయడమే ప్రధాన నియమం, కథంతా దాని చుట్టే తిరుగుతుంది. రెండూ మంచి ఆటలు. అయితే పెండ్రాగన్‌లో పోరాటం వీరుడి గుండెలో జరుగుతుంది, ఐరన్‌స్వార్న్‌లో ప్రతిజ్ఞ చేసినవాడి ముందే ఉంటుంది. మన కథల్లో మాట ఇచ్చినవాడి దగ్గర ఉండదు. పుచ్చుకున్నవాడి చేతికి వెళ్లిపోతుంది. దశరథుడి వరాలు కైకేయి దగ్గర ఉన్నట్టు.

అందుకని మా బల్ల దగ్గర ఇలా ఆడుతున్నాం. ఒక పాత్ర మరొక పాత్రకు మాట ఇస్తే దాన్ని చీటీ మీద ఒక్క వాక్యంలో రాయాలి. ఆ చీటీ మాట పుచ్చుకున్న ఆటగాడి ముందు ఉంటుంది. మాట నెరవేర్చడానికి చేసే ప్రతి ప్రయత్నంలోనూ మాట ఇచ్చినవారికి సాయం దొరుకుతుంది. మాట తప్పితే చీటీ పుచ్చుకున్నవారి ఆయుధమవుతుంది. తర్వాత ఎప్పుడైనా ఒక్కసారి, తప్పినవారు వేసిన గవ్వల్లో (మేం పాచికలకు బదులు గవ్వలు వాడతాం) ఒకదాన్ని బోర్లించే హక్కు దానితో వస్తుంది. చీటీని క్షమించి చింపేయడం కూడా వాళ్ల ఇష్టమే. నియమం ఇంతే.

ఇది ఎలా పనిచేస్తుందో ఒక ఘట్టం చెబుతాను. రాయబారంతో వెళ్లిన బృందంలో ఒక పాత్రను పన్నెండేళ్ల అమ్మాయి ఆడుతోంది. ‘పున్నమికి ఇంటికి వస్తాను’ అని తల్లికి మాటిచ్చింది. తల్లి పాత్ర ధరించిన ఆవిడ ముందు ఆ చీటీ ఉంది. గురజాల కోటలో ఒక వంటమనిషి, అలరాజుకు విషం ఎవరు కలిపారో తనకు తెలుసని, రేపు తెల్లవారాక చెబుతానని అంది. ఆ రాత్రే పున్నమి. ఉంటే మాట పోతుంది, వెళ్తే సాక్ష్యం పోతుంది. అమ్మాయి చీటీ అడిగి తీసుకుని మళ్లీ చదివింది. ‘పున్నమి ఎప్పటిదాకా ఉన్నట్టు లెక్క?’ అని అడిగింది. బల్ల దగ్గరున్న పెద్దాయన తిథి ఎప్పుడు వెళ్లిపోతే అప్పటిదాకా అన్నారు. ఇంకొకరు సూర్యోదయానికి ఏ తిథి ఉంటే రోజంతా అదే కదా అన్నారు. పావుగంట పంచాంగం మీద వాదన నడిచింది. చివరికి తీర్పు చెప్పవలసింది చీటీ ఎవరి ముందు ఉందో వాళ్లే. ఆవిడ, ‘తెల్లారేదాకా గుమ్మంలో కూర్చుంటాను, ఆ తర్వాత కూర్చోను’ అన్నారు. అమ్మాయి గుర్రం అడిగింది. అర్ధరాత్రి వంటమనిషిని నిద్రలేపి, తనతో పాటు రమ్మని బతిమాలింది. ఆ పూట ఎవరూ కత్తి దూయలేదు. పిల్లలెవరూ ఫోను వైపు చూడలేదు.

ఇక నాకు అన్నింటికన్నా బాధ కలిగించిన విషయం. ఒక ముసాయిదాలో కులాన్ని బట్టి బలం, తెలివి, నేర్పు అంకెలు కేటాయించిన పట్టిక చూశాను. రాసినవాళ్లకు దురుద్దేశం లేదని నమ్ముతున్నాను. ఇంగ్లీషు పుస్తకంలో ‘రేస్’, అంటే పాత్ర పుట్టిన జాతి, అని ఒక అరలో ఉంది, తెలుగులో ఆ అరలో ఏదో ఒకటి పెట్టాలి, పెట్టారు. 2014 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ కూర్పులో మరుగుజ్జు పాత్రకు పుట్టుకతోనే దేహదారుఢ్యం రెండు పాయింట్లు ఎక్కువ. ఆ ఊహాలోకంలోనే ఇది సబబా అని అక్కడివాళ్లు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. 2024 కూర్పులో రేస్ అన్న పేరు తీసేసి స్పీషీస్ అన్నారు, అంకెల పెంపును పుట్టుక నుంచి విడదీసి పాత్ర గడిపిన జీవితానికి ముడిపెట్టారు. వాళ్లే వదిలించుకున్నదాన్ని మనం తెచ్చి, ఊహాజాతుల స్థానంలో నిజమైన మనుషులను, నిజమైన కులాలను కూర్చోబెడితే ఏమవుతుంది? బల్ల దగ్గరున్న పిల్ల తన ఇంటివాళ్లు ఏ వరుసలో ఉన్నారో ఆ పట్టికలో వెతుక్కుంటుంది. తన తెలివికి ఎన్ని పాయింట్లు తగ్గించారో చదువుకుంటుంది. ఆ పట్టికను తీసేయండి. సవరించవద్దు, అంకెలు సమానం చేయవద్దు, తీసేయండి.

పైగా పల్నాడు పేరు పెట్టుకుని ఈ పని చేయడం కథకే ద్రోహం. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టాడని, మాల కన్నమదాసును సేనానిగా నిలిపాడని చెప్పుకునే కథ ఇది. చాపకూడు ఆ కథకు గుండెకాయ. దాన్ని వర్ణనలో ఒక వాక్యంగా వదిలేయకుండా నియమం చేయండి. మేం చేసింది ఇది. పోరుకు ముందు రాత్రి చాపకూడు ఘట్టం ఉంటుంది. చాప మీద కూర్చున్న ప్రతి పాత్రా పక్కనున్నవారి గురించి తాను కళ్లారా చూసిన ఒక మంచి పని చెప్పాలి. అలా కూర్చుని తిన్నవాళ్లు మరుసటి రోజు తమ సాయాన్ని ఒకరికొకరు బదిలీ చేసుకోవచ్చు. కూర్చోనని మొండికేసిన పాత్ర ఉండవచ్చు, ఆటగాడి ఇష్టం. ఆ పాత్ర ఎవరికీ సాయం చేయడానికి వీల్లేదు, ఎవరి సాయమూ పొందడానికి వీల్లేదు. ఒంటరిగా పోరాడుతుంది. ఎవరికీ ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు, పాచికలే చెబుతాయి.

కులవివక్షను కథలో చూపాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. చూపాలనుకుంటే ఆట మొదలుకాక ముందే అందరితో మాట్లాడి ఒప్పించుకోండి. ఆ ముందుమాటల సమావేశాన్నే సెషన్ జీరో అంటున్నాం కదా, దాన్ని దాటవేయవద్దు. జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఎక్స్ కార్డు బల్ల మధ్యలో ఉంచండి. ఎవరు దాన్ని తాకినా ఆ సంగతి అక్కడితో వదిలేయాలి, కారణం అడగకూడదు. పిల్లలున్న బల్ల దగ్గర ఇది తప్పనిసరి.

పాచికల దగ్గరికి వస్తాను. ఇక్కడ కాస్త లెక్క ఉంది, ఓపిక పట్టండి. ఇరవై ముఖాల పాచిక, మనం డి20 అనేది, ప్రతి అంకెకూ సమానంగా 5 శాతం అవకాశం ఇస్తుంది. ఆరితేరినవాడైనా కొత్తవాడైనా ఒకటి పడటానికి అంతే అవకాశం. ఒక పాయింటు సాయం దొరికితే గెలిచే అవకాశం 5 శాతం పెరుగుతుంది, అంతే. మామూలు పాచికలు రెండు వేసి కూడితే అలా ఉండదు, నడిమి అంకెలు ఎక్కువగా పడతాయి. 2010లో విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ రాసిన అపొకలిప్స్ వరల్డ్ దీన్నే వాడుకుంది. 10 లేదా అంతకు మించి పడితే పని అవుతుంది. 7 నుంచి 9 దాకా అయితే పని అవుతుంది కాని ఏదో మూల్యం చెల్లించాలి. 6 లేదా అంతకు తక్కువైతే కథ మనకు ఎదురుతిరుగుతుంది. ఆ నడిమి ఫలితమే కథను నడిపించే ఇంజను. 7కు తగ్గకుండా పడే అవకాశం మామూలుగా 58 శాతం, ఒక పాయింటు కలిస్తే 72, రెండు కలిస్తే 83.

మనింట్లో ఇలాంటి సాధనం ఎప్పటినుంచో ఉంది. అష్టాచెమ్మా ఆడే నాలుగు గవ్వలు. బెంగళూరులో ఇంకో సౌకర్యం, పక్కింటి కన్నడ పిల్లలకు అదే ఆట చౌకాబారాగా తెలుసు, వాళ్లకు గవ్వలు ఎలా లెక్కపెట్టాలో నేర్పనక్కరలేదు. గవ్వ నోరు పైకి పడే అవకాశం సగం సగం అనుకుంటే, నాలుగు గవ్వల ఫలితాలు 16 రకాలు. రెండు నోళ్లు పైకి పడేవి 6, మూడు పడేవి 4, ఒకటి పడేవి 4, నాలుగూ పడేది 1, ఒక్కటీ పడనిది 1. అంటే మూడుకు తగ్గకుండా 31 శాతం, సరిగ్గా రెండు 37.5 శాతం, మిగతాది 31 శాతం. బేకర్ దంపతుల మూడు అంచెలు దాదాపుగా వాటంతటవే వచ్చేశాయి.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఒక ముసాయిదాలో గవ్వలు వాడారు, సంతోషించాను. కాని ఒక్క నోరూ పడకపోతే ఘోర వైఫల్యం అని రాశారు. కాగితం మీద సున్నా అంటే అతి తక్కువ అంకె, కాబట్టి అతి చెడ్డ ఫలితం అనుకున్నారు. అష్టాచెమ్మా ఆడిన ఏ చెయ్యీ దీన్ని ఒప్పుకోదు. నాలుగూ బోర్లా పడితే అది అష్టా, ఎనిమిది, పైగా మళ్లీ వేసే అవకాశం. ఆ బల్ల దగ్గర ఒక పెద్దావిడ గవ్వలు వేసి, అష్టా పడగానే చప్పట్లు కొట్టారు. ఆమె పాత్ర కోటగోడ మీది నుంచి పడి చనిపోయిందని గేమ్ మాస్టర్ ప్రకటించాడు. ఆవిడ ముఖం నాకింకా గుర్తుంది. చేతికి తెలిసిన సంతోషాన్ని నియమం కాదనకూడదు.

మేం వాడే పద్ధతి ఇలా ఉంది. ఒక నోరు పైకి వస్తే కష్టం. రెండు వస్తే పని అవుతుంది, మూల్యం ఉంటుంది. మూడు వస్తే పని శుభ్రంగా అవుతుంది. చెమ్మా పడితే, అంటే నాలుగు నోళ్లూ పైకి వస్తే, అనుకున్నదానికన్నా ఘనంగా అవుతుంది, ఆ ఊపులో పక్క ఆటగాడికి ఒకసారి గవ్వలు వేసే అవకాశం దక్కుతుంది. అష్టా పడితే మీరు అడిగిన పని గురించి మాట్లాడకుండా, మీరు అడగనిదేదో కథ మీకు ఇస్తుంది. గోడ ఎక్కలేకపోయారు, కాని గోడ కింద ఎవరూ ఎరగని తూము కనబడింది. ఆ తర్వాత మళ్లీ వేస్తారు. మూడుసార్లు వరుసగా పడితే చెల్లదన్న ఆచారం కొన్ని ఇళ్లలో ఉంది, దాన్నీ ఉంచుకోవచ్చు.

సాయం దొరికినప్పుడు గవ్వలతో పాటు ఒక చింతపిక్క వేస్తాం. సగానికి అరగదీసిన పిక్క, తెల్లవైపు పైకి పడితే ఒక నోటితో సమానం. ఒక పిక్క కలిస్తే మూడుకు తగ్గకుండా పడే అవకాశం 31 నుంచి 50 శాతానికి, రెండు కలిస్తే 66 శాతానికి పెరుగుతుంది. రెండుకు మించి ఇవ్వవద్దు, ఆట చప్పబడుతుంది. అష్టా, చెమ్మా మాత్రం గవ్వలను బట్టే చూడాలి, పిక్కలతో పనిలేదు. పైన చెప్పిన మాట చీటీ ఇచ్చే సాయం ఈ పిక్కే. చాపకూడు తిన్నవాళ్లు ఒకరికొకరు చేయి చాచి ఇచ్చేదీ ఈ పిక్కే. పిల్లవాడు తన పిక్కను అక్క చేతిలో పెట్టడం చూస్తే ఈ నియమం గురించి వేరే వివరణ అక్కరలేదు.

ఒక హెచ్చరిక. గవ్వ రూపాయి బిళ్ల లాంటిది కాదు. వీపు గుండ్రం, నోటివైపు చదును, ఒక్కో గవ్వ ఒక్కో తీరు. నోరు పైకి పడే అవకాశం 50 నుంచి 40 శాతానికి తగ్గితే చాలు, మూడుకు తగ్గకుండా పడటం 31 నుంచి 18 శాతానికి పడిపోతుంది, అష్టా మాత్రం 6 నుంచి 13 శాతానికి పెరుగుతుంది. అది పూర్తిగా వేరే ఆట. అందుకని నియమాలు అచ్చువేసే ముందు మీరు వాడబోయే గవ్వలనే వందసార్లు వేసి లెక్క రాసుకోండి. నియమాల అంకెలను ఆ లెక్కకు సర్దండి. పిక్కలకూ అంతే, ఎంత అరగదీశారన్నదాన్ని బట్టి మారుతుంది.

గవ్వల వల్ల ఇంకో మేలుంది. మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం కష్టం. పాత్ర వివరాలు రాసుకునే రెండు పుటల క్యారెక్టర్ షీట్ తెలుగులో అచ్చువేసి ఇస్తే సగం మంది అక్కడే ఆగిపోతారు. నియమం నోటితో చెబితే చెవిన పడి గుర్తుండిపోయేంత చిన్నదిగా ఉండాలి. ఒకటి కష్టం, రెండు మూల్యం, మూడు జయం. చీటీ మీద రాసే ఒక్క వాక్యం పిల్లలు తమంతట తాము రాయాలని పట్టుబట్టండి, తప్పులు దిద్దవద్దు.

తమ వంతు కోసం ఎదురుచూసే ఆటగాళ్ల సంగతి కూడా ఆలోచించాలి. ఆరుగురున్న బల్ల దగ్గర ఇద్దరి ఘట్టం నడుస్తుంటే నలుగురు ఖాళీ. విదేశాల్లో దీనికి రకరకాల జవాబులు కనిపెట్టారు. 2009లో వచ్చిన ఫియాస్కోలో గేమ్ మాస్టరే లేరు, అందరూ కలిసి నడుపుతారు. మన జవాబు బుర్రకథలో ఉంది. నడుమ కథకుడు, ఒక పక్క హాస్యం చెప్పే వంత, మరో పక్క రాజకీయం మాట్లాడే వంత. ఘట్టంలో లేని ఆటగాళ్లకు ఈ వంతలు అప్పగించండి. హాస్యం వంత ఘట్టానికి ఒక ప్రశ్న అడగవచ్చు, కథకుడైన గేమ్ మాస్టర్ దానికి నిజం చెప్పి తీరాలి. రాజకీయం వంత ఈ పని గురించి ఊళ్లో జనం ఏమనుకుంటున్నారో చెబుతారు. చెప్పిన ఆ పుకారు తర్వాతి ఘట్టంలో నిజంగానే ఊళ్లో తిరగాలి. నాగమ్మ గురించి మా దగ్గర ఒక అబ్బాయి పుట్టించిన పుకారు మూడు వారాలు కథను నడిపింది. ఖాళీగా కూర్చున్నవాళ్లు కథకు కొత్త దారులు తెరవడం మొదలుపెడతారు.

రాకపోకల విషయం క్లుప్తంగా. ఎప్పుడూ రద్దీగా ఉండే సిల్క్ బోర్డు కూడలి దాటి రావలసినవాళ్లతో ప్రతి వారం అదే ఆరుగురు కూర్చోవడం జరగని పని. వెస్ట్ మార్చెస్ అనే పద్ధతిలో ప్రతి ఆటా ఒకే స్థావరం నుంచి బయల్దేరి అక్కడికే తిరిగి రావాలి, ఆ రోజు ఎవరొస్తే వాళ్లే ప్రయాణికులు. మన కథకు ఆ స్థావరం వనవాసంలో ఉన్న మాచర్లవారి విడిది. కారెంపూడిలో కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరారాధన ఉత్సవాలకు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజుల వరస ఉంది. ఐదు ఆదివారాల ఆటకు అంతకన్నా చక్కని చట్రం దొరకదు. అయితే ఒక మాట, అది అక్కడివాళ్లకు భక్తితో కూడిన ఆరాధన. వరసను తీసుకోండి, పూజా విధానాలను ఆటవస్తువు చేయవద్దు.

అనుమతుల గురించి మీలో కొందరు భయపడుతున్నారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూల నియమాల పత్రం, ఎస్సార్డీ 5.1, 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ కింద ఉంది. మూలాన్ని పేర్కొంటే చాలు, తెలుగులోకి అనువదించవచ్చు, మార్చవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఆలోచనకు కాపీరైట్ ఉండదు, దాన్ని వ్యక్తీకరించిన తీరుకే ఉంటుందని మన సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి.ఆనంద్ కేసులో స్పష్టం చేసింది. కాబట్టి ఎవరి వాక్యాలూ, బొమ్మలూ ఎత్తిరాయకండి. నియమంలోని ఊహను మాత్రం నిర్భయంగా తీసుకుని, విప్పి, మన కథకు తగ్గట్టు మళ్లీ బిగించండి. ఎవరి దగ్గర తీసుకున్నారో పేరు చెప్పండి. చట్టం అడగకపోయినా మర్యాద అడుగుతుంది.

ఇక మీతో పని. మీ ముసాయిదాల్లో పుట్టుకకు ముడిపడిన అంకెలుంటే వచ్చే ఆదివారం ఆటకు ముందే కొట్టేయండి. మాట చీటీ, చాపకూడు, వంతలు, పిక్కలు, ఇవన్నీ నావని నేను పట్టుకుని కూర్చోను, మీ ఆటలో వాడుకోండి, నచ్చినట్టు మార్చండి. మార్చినప్పుడు ఎందుకు మార్చారో, ఎన్ని చీటీలు నిలిచాయో, ఎన్ని తెగాయో, ఆట ఏ చోట నత్తనడకన సాగిందో ఒక పుస్తకంలో రాసి ఉంచండి. బృందాలు పుస్తకాలు మార్చుకుందాం. పైన చెప్పిన తల్లి పాత్రకు గవ్వ బోర్లించే, చీటీని చింపే హక్కులు సరిపోతాయా, ఇంకా ఏమైనా ఉండాలా అన్న విషయంలో మా బల్ల దగ్గర ఇంకా ఏకాభిప్రాయం లేదు. చీటీని మరొకరికి అప్పగించవచ్చా అన్నది రెండో చిక్కు. ఈ రెండింటినీ మీరు ఆడి చూసి చెప్పాలని నా ప్రత్యేక మనవి.

ఇట్లు,
మీలాగే ఆదివారాలు గవ్వలు వేసే ఒక గేమ్ మాస్టర్,
బెంగళూరు